ఆరు తెల్ల మచ్చల నల్ల పెంకు పురుగు: ఆంథియా సెక్స్‌గట్టాటాను ఖాయంగా గుర్తుపట్టడం ఎలా?

మీరు అడిగింది ఇది: మహబూబ్‌నగర్ దగ్గర ఎర్ర చెలకలో, జొన్న చేను గట్టు మీద, చీకటి పడ్డాక తెల్ల మచ్చలున్న నల్లటి పెద్ద పురుగు కనిపించింది. కుక్క మూతి పెడితే ఏదో చిమ్మింది, అప్పటి నుంచి అది కన్ను రుద్దుకుంటోంది. ఒకరు అది ఏడు చుక్కల బొద్దింక అన్నారు, ఇంకొకరు బాంబర్డియర్ అన్నారు. అసలు ఇదేమిటి, పంటకు చేటా, చంపాలా, చచ్చింది దొరికితే దాచుకోవచ్చా?

పురుగు పేరు తర్వాత, ముందు కుక్క కన్ను చూడండి. అది చిమ్మింది ఫార్మిక్ ఆమ్లం. రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, శుభ్రమైన నీళ్లు సన్నని ధారగా 15 నుంచి 20 నిమిషాలు పోయాలి. సెలైన్ బాటిల్ ఉంటే ఇంకా మంచిది, లేదని మాత్రం ఆగకండి. రెండు చెంబులు పోసి వదిలేయడమే ఎక్కువమంది చేసే తప్పు. ఆమ్లం రెప్ప లోపలి మడతల్లో నిలిచిపోతుంది, ధార ఆగితే అక్కడే ఉండి మంట పెడుతూనే ఉంటుంది. పాలు, నెయ్యి, పసుపు నీళ్లు, వంటసోడా కంట్లో వేయకూడదు. ఆమ్లానికి విరుగుడు క్షారం కదా అని సోడా వేస్తారు, దాంతో కంటికి రెండో గాయం అవుతుంది. కడిగిన తర్వాత కూడా కన్ను తెరవకపోయినా, నల్లగుడ్డు మీద పొగలాంటి తెలుపు కనిపించినా అదే రోజు పశువుల డాక్టరుకు చూపించండి. మనిషి కంట్లో పడినా ఇదే పద్ధతి, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చర్మం మీద పడితే సబ్బు నీళ్లతో కడిగితే చాలు.

ఇక పురుగు. మీరు పెట్టిన మూడు ఫొటోల్లో పైనుంచి తీసినది ఒక్కటే పనికొచ్చింది, అది చాలు. ఇది ఆంథియా సెక్స్‌గట్టాటా. కారాబిడే కుటుంబానికి చెందిన నేల పెంకు పురుగు. లాటిన్‌లో సెక్స్ అంటే ఆరు, గుట్టా అంటే బొట్టు. ఆరు బొట్లది అని అర్థం. డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1775లో దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. అప్పట్లో నేల పెంకు పురుగులను చాలావరకు కారాబస్ అనే ఒకే ప్రజాతి కింద చేర్చేవారు, ఆంథియా ప్రజాతిని వేబర్ 1801లో విడిగా ఏర్పరిచాడు. ఈ ప్రజాతిలో అత్యధిక భాగం ఆఫ్రికా, అరేబియా ఎడారులవి. మన దక్కన్ ముళ్ల పొదల్లో, రాళ్ల గుట్టల అంచుల్లో, చెలక గట్ల మీద తిరిగేది ఇది.

గుర్తుపట్టే పద్ధతిలో ఒక మాట గట్టిగా చెప్పాలి. అందరూ ముందు మచ్చలు లెక్కపెడతారు. మచ్చల లెక్క చివర రావాలి. మన దగ్గర నల్ల ఒంటి మీద లేత చుక్కలున్న పురుగులు కనీసం నాలుగైదు రకాలున్నాయి, వాటిలో కొన్ని పెంకు పురుగులే కావు. ముందు ఇది పెంకు పురుగేనా, తర్వాత నేల పెంకు పురుగేనా అని తేల్చుకుంటే, మచ్చలు ఆ తర్వాత తప్పు చెప్పవు.

పెంకు పురుగేనా అన్నది వీపు చూస్తే తెలుస్తుంది. ముందు రెక్కలు రెండూ గట్టి పెంకులై, వీపు మధ్యలో తిన్నని గీతగా కలవాలి. ఒక రెక్క మీదికి ఇంకో రెక్క ఎక్కి ఉంటే అది పెంకు పురుగు కాదు. మీ ఫొటోలో గీత మెడ దగ్గర నుంచి తోక దాకా కత్తితో గీసినట్టు ఉంది.

నేల పెంకు పురుగేనా అన్నదానికి మూడు గుర్తులు. మొదటిది పాదాలు: ఆరు కాళ్లలోనూ పాదానికి 5 కణుపులు ఉండాలి. మన ఇళ్ల చుట్టూ, పేడ కుప్పల దగ్గర, రాళ్ల కింద దొరికే నల్లటి టెనెబ్రియోనిడ్ పురుగుల్లో (ఇవి వేరే కుటుంబానికి చెందిన పెంకు పురుగులు) ముందు నాలుగు కాళ్లకు 5, వెనక రెంటికి 4 మాత్రమే ఉంటాయి. 10 రెట్ల భూతద్దం ఉంటే ఇది ఒక్క నిమిషం పని. రెండోది మీసాలు: 11 కణుపులతో దారంలా ఉండి, వాటి మొదలు కంటికీ దవడకూ మధ్య బయటికే కనిపిస్తుంది. టెనెబ్రియోనిడ్‌లలో ఆ మొదలు తల అంచు కింద దాగి ఉంటుంది. మూడోది, అన్నిటికన్నా నమ్మదగినది, పొట్ట కింద ఉంది. వెనక కాళ్ల మూలభాగాలు కదలకుండా ఒంటికి అతుక్కుని, పొట్ట మొదటి పట్టీని మధ్యలో చీల్చి రెండు ముక్కలు చేస్తాయి. దాని పక్కనే తొడ మొదట్లో చిక్కుడు గింజ ఆకారంలో ఉబ్బిన చిన్న ముక్క కనిపిస్తుంది. ఈ రెండూ కనిపిస్తే ఇక టెనెబ్రియోనిడ్ అనే అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు మచ్చలు. ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ, దేనితో అన్నవి ముఖ్యం. ఆరింటిలో రెండు మెడ మీద, అంటే తలకూ రెక్కలకూ మధ్యనున్న వక్షపు పలక మీద, చెరో పక్కన ఉంటాయి. మిగతా నాలుగు పెంకు రెక్కల మీద, ఒక్కో రెక్కకు రెండు చొప్పున: ఒకటి ముందు వైపు, ఒకటి సగం దాటాక వెనక వైపు. వక్షం మీద రెండు లేకపోతే అది ఈ జాతి కాదేమోనని అనుమానించాలి. ఇక దేనితో అంటే, ఈ మచ్చలు పెంకులోని రంగు కాదు. దట్టంగా, పొట్టిగా, అణిగి ఉన్న తెల్లని నూగు. పక్క నుంచి టార్చి వేసి భూతద్దంలో చూస్తే ముఖ్‌మల్ గుడ్డ ముక్క అతికించినట్టు తెలుస్తుంది. నూగు కాబట్టి అరుగుతుంది. రాళ్ల కింద దూరి దూరి పాతబడిన పురుగులో ఒక మచ్చ సగం చెరిగి, ఐదే కనిపించవచ్చు. అలాంటప్పుడు ఐదు చుక్కల కొత్త జాతి అనుకోకుండా, చెరిగిన చోట వెంట్రుకల మొదళ్లు మిగిలాయేమో చూడండి. వానలో తడిసి ఉంటే మచ్చ మసకగా కనిపించవచ్చు, ఎర్రమట్టి పట్టి ఉంటే లేత ఇటుక రంగులో అనిపించవచ్చు. ఆరనిచ్చి మళ్లీ చూడాలి. మచ్చల సైజు కూడా పురుగుకూ పురుగుకూ మారుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మచ్చలు పోతే మిగిలేది ఆకారం, అదీ తేలికగా గుర్తుండేదే. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. పక్కన 10 రూపాయల బిళ్ళ పెట్టి ఫొటో తీస్తే, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు కాబట్టి, పురుగు దానికన్నా దాదాపు సగం ఎక్కువ పొడవు ఉండాలి. తల పెద్దది, ముందుకు చాచి ఉంటుంది. దవడలు పై నుంచి చూసినా స్పష్టంగా కనిపిస్తాయి, పెద్ద మగవాటిలో మరీ పొడుగ్గా, కొడవలి వంపుతో ఉంటాయి. వక్షం వెనక్కి సన్నబడుతుంది, అందుకే నడుము బిగించి కట్టినట్టు కనిపిస్తుంది. పెంకు రెక్కలు కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బి ఉంటాయి. కాళ్లు పొడవు. ఒళ్లు నేలకు తాకకుండా ఎత్తి పరుగెత్తుతుంది, ఆ పరుగు చూస్తే పేడ పురుగు నడకతో పొరపాటు పడే అవకాశమే లేదు.

ఇది ఎగరదు. పెంకు రెక్కలు రెండూ మధ్య గీత వెంట అతుక్కుపోయి ఉంటాయి. కాబట్టి మీకు కనిపించింది రెక్కలు విప్పి ఎగిరిపోయి ఉంటే నేను ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. వీధి దీపం కింద దొరికినా ఎగిరి వచ్చిందని అనుకోవద్దు, అక్కడ రాలిపడే పురుగులను వేటాడడానికి నడిచి వస్తుంది.

బొద్దింక అన్నవారు ఊరికే అనలేదు. థేరియా పెటివెరియానా అనే బొద్దింక నిజంగానే మన దక్షిణాది ముళ్ల అడవుల్లో, ఆకుల చెత్త కింద బతుకుతుంది. లిన్నేయస్ 1758లోనే దానికి పేరు పెట్టాడు, జేమ్స్ పెటివర్ అనే లండన్ మందుల తయారీదారు గౌరవార్థం. నల్లటి ఒళ్లు, ఏడు పెద్ద లేత మచ్చలు. రెంటినీ పక్కపక్కన చూడని వారు పొరబడడం సహజం, ఎందుకంటే ఆ పోలిక యాదృచ్ఛికం కాదని, ఆమ్లం చిమ్మే పెంకు పురుగులా కనిపించడం వల్ల బొద్దింక పక్షుల నుంచీ తొండల నుంచీ తప్పించుకుంటుందని శాస్త్రవేత్తల భావన. తేడా పట్టాలంటే తల వెతకండి. బొద్దింకకు వక్షపు పలక గొడుగులా తలను కప్పేస్తుంది, పై నుంచి తల కనిపించదు, ముందుకు పొడుచుకొచ్చిన దవడలూ ఉండవు. దాని రెక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, మచ్చల లెక్క బేసి కావడానికి కారణం కూడా అలా ఒకదాని మీద ఒకటి పడే రెక్కలే. మచ్చలన్నీ రెక్కల మీదే, వక్షం నల్లగానే ఉంటుంది. ఆకారం గుండ్రం, సైజు కూడా మన పురుగులో సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

ఇలాంటి అనుకరణ ఇక్కడొక్కచోటే లేదు. కలహారీ ఎడారిలో హీలియోబోలస్ లుగుబ్రిస్ అనే తొండ పిల్లలు నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలతో, వీపు వంచి బిర్రుగా నడుస్తూ, అక్కడి ఆంథియా జాతి నేల పెంకు పురుగుల్లా కనిపిస్తాయని హ్యూయీ, పియాంకా అనే శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించారు. పెద్దయ్యాక ఆ తొండలు రంగూ నడకా మార్చేసి మామూలు తొండల్లా తిరుగుతాయి. వెన్నెముక ఉన్న జంతువు ఒక పెంకు పురుగును అనుకరించిందంటే, ఆ ఆమ్లమంటే ఎంత భయమో మీ కుక్కను అడిగితే తెలుస్తుంది.

బాంబర్డియర్ అన్న అనుమానం చిమ్మడం వల్ల వచ్చింది. అదీ నేల పెంకు పురుగే, మన దగ్గర ఫెరోప్సోఫస్ రకాలు మామూలుగా దొరుకుతాయి. కానీ చిమ్మే పద్ధతి పూర్తిగా వేరు. బాంబర్డియర్ పొట్టలో హైడ్రోక్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక అరలో ఉంటాయి. అవి ఎంజైములున్న రెండో అరలోకి దూకగానే దాదాపు 100 డిగ్రీల వేడితో, టప్ మని చప్పుడుతో, పొగలా బయటికొస్తాయి. తాకిన చోట చర్మం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆంథియాలో వేడి లేదు, పేలుడు లేదు. పొట్ట చివర రెండు గ్రంథులు ఆమ్లాన్ని తయారుచేసి సంచుల్లో నిలవ చేస్తాయి. కండరాలు నొక్కితే అది పిచికారీలా దూకుతుంది, పొట్ట చివరను వంచి గురి చూస్తుంది. ఘాటైన పుల్లటి వాసన వస్తుంది, ఎర్రచీమల గూడు కదిపినప్పటి వాసనే ఇంకా గట్టిగా. చప్పుడు వినపడిందా అని మీ ఇంట్లో వాళ్లను అడగండి, ఆ ఒక్క జవాబుతో సగం తేలిపోతుంది. రూపం కూడా కలవదు: ఫెరోప్సోఫస్‌కు తల, కాళ్లు పసుపు లేదా నారింజ, పెంకు రెక్కలు చివర కత్తిరించినట్టు పొట్టిగా ఉంటాయి. పొడవు సుమారు 2 సెంటీమీటర్లు.

మిగతా పోలికలు త్వరగా చెప్పేస్తాను. క్రాస్పిడోఫోరస్ కూడా నేల పెంకు పురుగే, రెక్కల మీద నాలుగు మచ్చలుంటాయి, కానీ అవి నారింజ పసుపు, వక్షం మీద మచ్చలుండవు, రెక్కల మీద నిలువు చాళ్లు లోతుగా ఉంటాయి. వరి చేలల్లో తిరిగే కాలోక్రోవా సెక్స్‌పంక్టాటా టైగర్ బీటిల్, అంటే వేగంగా పరుగెత్తి వేటాడే పెంకు పురుగు. ఆరు పసుపు చుక్కలు మొత్తం రెక్కల మీదే, పొడవు ఒకటిన్నర సెంటీమీటరు దరిదాపు, దగ్గరికి వెళ్తే ఎగిరి నాలుగు అడుగుల అవతల వాలుతుంది. పేర్లలో ఆరు ఉండడం వల్ల అక్షింతల పురుగు అయిన కీలోమెనీస్ సెక్స్‌మాకులేటా కూడా వెతుకులాటలో వస్తుంది. అది కందిగింజంత ఉంటుంది, దానితో ఎవరూ పొరబడరు.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు మాత్రం ఒక గుంత ఉంది. సెక్స్‌గట్టాటా అని ఒక్క మాటే కొడితే ముందుగా మెరిసే ఆకుపచ్చ పురుగు వస్తుంది. అది సిసిన్డెలా సెక్స్‌గట్టాటా, ఉత్తర అమెరికా టైగర్ బీటిల్. దానికీ 1775లో అదే ఫాబ్రిసియస్ అదే పేరు పెట్టాడు, ప్రజాతి వేరు కాబట్టి చెల్లింది. ఆంథియా అన్న ముందు మాట కలిపి వెతకండి. అప్పుడు కూడా ఆఫ్రికా ఫొటోలు కలిసి వస్తాయి, ఎనిమిది పది మచ్చలున్నవి, చారలున్నవి. అవి వేరే జాతులు.

ఇంకో పురుగు కనిపిస్తే ఫొటోలు ఇలా తీయండి. చేత్తో పట్టుకోవద్దు. దవడలతో గట్టిగా కరుస్తుంది. విషం లేదు కానీ నొప్పి ఉంటుంది, ఈలోగా చిమ్ముతుంది కూడా. పారదర్శకమైన వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాను పక్కకు పడుకోబెట్టి, పుల్లతో నెమ్మదిగా లోపలికి నడిపించండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ముఖం కనీసం ఒక మీటరు దూరంలో ఉంచి ఫోన్‌లో జూమ్ వాడండి. డబ్బా మూతకు అరడజను రంధ్రాలు తప్పనిసరి. మూత బిగిస్తే చిమ్మిన ఆమ్లపు ఆవిరి లోపలే నిండి పురుగే చచ్చిపోవచ్చు, మూత తీసిన మీ కళ్లూ మండుతాయి. నాలుగు ఫొటోలు కావాలి: సరిగ్గా పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి, డబ్బాను ఎత్తి అడుగు నుంచి ఒకటి. చాలామంది తీయనిది ఆ నాలుగోదే, ఖాయం చేసేది కూడా అదే. ఫ్లాష్ ఆపేసి, టార్చిని పక్క నుంచి తెల్ల కాగితం అడ్డం పెట్టి వేయండి. ఫ్లాష్ వేస్తే నున్నటి పెంకు మీద పడిన వెలుగు కూడా తెల్ల మచ్చలా పడుతుంది. మీ రెండో ఫొటోలో ఏడు మచ్చలు కనిపించడానికి కారణం అదే, ఏడోది మచ్చ కాదు, ఫ్లాష్ మెరుపు. బొద్దింక అన్న మాట కూడా అక్కడి నుంచే పుట్టి ఉండాలి.

పంట సంగతి. జొన్నకు గానీ పత్తికి గానీ ఇది చేటు కాదు. పూర్తిగా వేటాడి తినేది. చిమటలు, మిడతలు, ఇతర పెంకు పురుగులు, అందితే చిన్న బల్లులు కూడా. దీని లార్వాలు కూడా మట్టిలో వేటాడే బతుకుతాయి. మొక్కను కొరకవు, వేరును తినవు. తొలకరి పడ్డాక, ఆరుద్ర పురుగులు గట్ల మీద కనిపించే రోజుల నుంచి ఎక్కువగా ఎదురవుతుంది, సాయంత్రం నుంచే తిరుగుడు మొదలవుతుంది. అలాగని పచ్చ పురుగులనో గులాబీ రంగు పురుగునో ఇది అదుపు చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఎకరాకు లెక్కపెట్టదగినంత సంఖ్యలో ఉండదు, మొక్క ఎక్కి కాయల్లో వెతకదు. నా సలహా, వదిలేయండి. ఎగరలేని పురుగు కాబట్టి ఒక గట్టు మీద చంపేస్తే పక్క గుట్ట నుంచి ఎగిరొచ్చి ఆ ఖాళీ నింపేది ఇంకొకటి ఉండదు, నడిచే రావాలి. గట్ల మీద గడ్డికి నిప్పు పెట్టడం, రాళ్ల కుప్పలన్నీ ఎత్తేసి చదును చేయడం దీనికి మందు కొట్టడంతో సమానం. ఇంట్లోకి వస్తే చీపురుతో చేటలోకి తోసి గట్టు మీద వదలండి, కుక్కను ఆ పది నిమిషాలు కట్టేయండి.

చచ్చింది దొరికితే మీ సొంత చేలో దాచుకోవచ్చు. అమ్రాబాద్ లాంటి అభయారణ్యం హద్దుల్లో మాత్రం అనుమతి లేకుండా ఏదీ తీసుకురాకూడదు, పురుగైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ వర్తిస్తుంది. దాచేటప్పుడు స్పిరిట్ సీసాలో వేయకండి. నూగంతా తడిసి అతుక్కుపోయి మచ్చలు పాడవుతాయి, గుర్తుపట్టడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం పోతుంది. కీటకాల సూదిని కుడి పెంకు రెక్క పై భాగంలో, మధ్య గీతకు కొంచెం పక్కగా గుచ్చాలి. మధ్యలో గుచ్చితే అతుకు చీలుతుంది. నీడలో రెండు వారాలు ఆరనిచ్చి, గట్టి మూత ఉన్న పెట్టెలో నాఫ్తలీన్ ఉండతో పెట్టండి. చీమలు మొదటి రాత్రే వస్తాయి, కాబట్టి ఆరేటప్పుడు దాన్ని పెట్టిన బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి. సూదికి చిన్న చీటీ గుచ్చి ఊరు, మండలం, తేదీ, గట్టు మీదా రాయి కిందా, దొరికిన వేళ, మీ పేరు పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తేమకు పాకిపోతుంది. చీమలు తిని వదిలేసిన ఉత్త పెంకు మాత్రమే దొరికినా పారేయకండి, రెక్కలు విడిపోకుండా ఒకే డొప్పగా ఉండి, మీద నాలుగు నూగు మచ్చల గుర్తులుంటే దానికీ ఇదే చీటీ రాసి పెట్టండి.